ఫ్లెక్సీ దింపాక ఏం మిగిలింది?

మారథాన్ టీషర్టుల మీద లోగోలు, కన్వెన్షన్ హాళ్లలో ముఖ్య అతిథులు, సర్కారు బడి గోడ మీద దాత పేరు... పాతికేళ్లుగా సైబరాబాద్ కంపెనీలు సమాజం పేరిట పెడుతున్న ఖర్చులో హంగు ఎంత, మేలు ఎంత?

ఆగస్టు నెలాఖరు ఆదివారం. తెల్లారకముందే నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర వేలమంది బూట్ల లేసులు బిగించుకుంటుంటారు. హుస్సేన్‌సాగర్ గట్టున మొదలయ్యే ఆ పరుగు 42.195 కిలోమీటర్లు సాగి గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. 2007లో పుట్టిన హైదరాబాద్ రన్నర్స్ సంఘం 2011 నుంచి నడుపుతున్న మారథాన్ ఇది. చాన్నాళ్లు దాని పేరు ముందు ఎయిర్‌టెల్ ఉండేది. ఆ తర్వాత ఎన్‌ఎండీసీ వచ్చి చేరింది. టీషర్టు మీద, మెడల్ మీద, నీళ్ల స్టాల్ మీద స్పాన్సర్ల లోగోలే. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల నుంచి జట్లకు జట్లే దిగుతాయి.

ఏదైనా కంపెనీ ఇలాంటి పరుగుకు డబ్బిచ్చిందనుకోండి. అది సమాజసేవ పద్దులోకి వస్తుందా? రాదు. ఇది ఎవరో గిట్టనివాళ్లు అంటున్న మాట కాదు. 2014 జూన్ 18న కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఇచ్చిన సర్క్యులర్‌లోనే ఉంది. మారథాన్లు, అవార్డు సభలు, ప్రకటనలు, టీవీ కార్యక్రమాల స్పాన్సర్‌షిప్‌లు... ఇలా ఒక్కసారి జరిగిపోయే తంతులు సీఎస్‌ఆర్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత) ఖర్చు కిందికి రావని అది తేల్చేసింది.

పరుగు తప్పని కాదు దాని అర్థం. పొద్దున్నే వేలమందిని రోడ్డెక్కించే పని మంచిదే. కాకపోతే అది ప్రచారం, ఇది సేవ అని చట్టం గీత గీసింది. హైటెక్ సిటీలో ఆ గీత తరచూ చెరిగిపోతుంటుంది. స్పాన్సర్‌షిప్ బ్యానర్, అతిథి ఉపన్యాసం, రక్తదాన శిబిరం, బడి దత్తత అన్నీ ఒకే ‘కమ్యూనిటీ’ ఆల్బమ్‌లో పక్కపక్కన ఫొటోలై కూర్చుంటాయి. విడదీసి చూస్తేనే ఏ రూపాయి ఎక్కడ మిగిలిందో తెలుస్తుంది.

రెండు జేబులు

పెద్ద కంపెనీకి ఈ విషయంలో రెండు జేబులుంటాయి. ఒకటి మార్కెటింగ్‌ది. అందులోంచి ఎంత తీయాలో, ఎవరికివ్వాలో కంపెనీ ఇష్టం. సాహిత్యోత్సవానికి ఇవ్వొచ్చు, క్రికెట్ టోర్నీకి ఇవ్వొచ్చు. పేరు కనబడాలి, అంతే. రెండోది కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 కుట్టిన జేబు. నికర విలువ రూ.500 కోట్లు, టర్నోవర్ రూ.1,000 కోట్లు, నికర లాభం రూ.5 కోట్లు... వీటిలో ఏ ఒక్క గీత దాటినా, గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. సగటు లాభం వంద కోట్లుంటే రెండు కోట్లు పక్కన పెట్టాలన్నమాట. ఎక్కడ ఖర్చుపెట్టాలో కూడా చట్టం చెప్పింది: కంపెనీ పనిచేసే చోటుకి, ఆ చుట్టుపక్కలకి ప్రాధాన్యమివ్వాలని.

2021 జనవరిలో నిబంధనలు ఇంకాస్త బిగిశాయి. తమ సరుకుకో సేవకో మార్కెటింగ్ లాభం కోసం చేసే స్పాన్సర్‌షిప్ సీఎస్‌ఆర్ కాదు. సొంత ఉద్యోగులకు మాత్రమే మేలు చేసే పని సీఎస్‌ఆర్ కాదు. సీఎస్‌ఆర్ వ్యవహారాలు చూసుకునే ఆఫీసు ఖర్చు 5 శాతం మించకూడదు. ఇంకా కొనసాగుతున్న పనులకు కేటాయించిన సొమ్ము మిగిలిపోతే విడిగా ఖాతా తెరిచి అందులో వేయాలి.

2022-23లో తెలంగాణ ఐటీ ఎగుమతులు రూ.2.41 లక్షల కోట్లని, ఉద్యోగులు 9 లక్షలు దాటారని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అందులో సింహభాగం మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా పరుచుకున్న ఈ కొద్ది కిలోమీటర్లదే. ఇన్ని కంపెనీలు ఒక్కచోట ఉన్నాయంటే రెండు జేబులూ నిండుగానే ఉన్నాయన్నమాట. ఏ జేబులో చెయ్యి పెడుతున్నారన్నదే ప్రశ్న.

వచ్చారు... చూశారు... ఏమిచ్చారు?

అతిథిని పిలిచి ఊరిని చూపించే అలవాటు హైటెక్ సిటీకి పుట్టుకతోనే వచ్చింది. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన అతిథి సాక్షాత్తూ ప్రధాని వాజ్‌పేయి. 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ వచ్చి ఇక్కడే మాట్లాడారు. అదే రోజు ఆయన మహావీర్ ట్రస్టు ఆసుపత్రికి కూడా వెళ్లి అక్కడా ప్రసంగించారు. ఇవాళ జనానికి గుర్తున్నది హైటెక్ సిటీ ఫొటోనే. ఆసుపత్రి సంగతి తలుచుకునేవాళ్లు తక్కువ.

2015 నవంబరు 5న ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో టీ-హబ్‌ను రతన్ టాటా, గవర్నర్ నరసింహన్ ప్రారంభించారు. డిసెంబరు 28న సత్య నాదెళ్ల వచ్చి అక్కడి స్టార్టప్ కుర్రాళ్లతో మాట్లాడారు. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన మనవాడు మైక్రోసాఫ్ట్ సీఈఓ హోదాలో వచ్చి కూర్చుంటే కుర్రాళ్లకు కలిగే ధీమా ఏ బడ్జెట్ పెట్టినా కొనలేనిది. గెస్ట్ ఈవెంట్‌కు అసలు విలువ అక్కడే ఉంది. తలుపు తెరిచి ఉంచాలి, అడగదలచుకున్నవాడికి మైకు అందాలి.

2017 నవంబరు 28 నుంచి మూడు రోజులు హెచ్‌ఐసీసీలో జరిగిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు ఈ సంప్రదాయానికి శిఖరం. ప్రధాని మోదీ, ఇవాంకా ట్రంప్ వచ్చారు. సదస్సు దారులన్నీ కొత్త తారుతో నిగనిగలాడాయి. అదే నవంబరులో నగరంలో భిక్షాటనను నిషేధిస్తూ పోలీసు కమిషనర్ ఉత్తర్వులిచ్చారు. యాచకులను పట్టుకెళ్లి జైలు ఆవరణల్లోని ఆశ్రమాల్లో ఉంచారు. అతిథి వచ్చేవేళకు ఇల్లు సర్దుకోవడం మన మర్యాదే. కానీ సర్దుడులో మనుషుల్ని కూడా కనబడకుండా చేస్తే దాన్ని ఆతిథ్యం అనలేం.

ఆ సదస్సే ఇంకో పనికీ దారి తీసింది. ‘మహిళలకే ప్రథమ స్థానం’ అన్న ఇతివృత్తంతో జరిగిన ఆ సభకు ఆతిథ్యమిచ్చిన రాష్ట్రం, 2018 మార్చి 8న మహిళా పారిశ్రామికవేత్తల కోసం వీ-హబ్‌ను మొదలుపెట్టింది. మూడు రోజుల సభ ముగిసి మూడు నెలలు దాటగానే ఒక సంస్థ పుట్టింది. ఈవెంట్ వల్ల మేలు ఉందా లేదా అని వాదించేవాళ్లు ముందు ఈ తేడా చూడాలి: రోడ్డు తారు రెండు వానలకు కొట్టుకుపోవచ్చు, సంస్థ మిగులుతుంది.

స్పాన్సర్ జేబులోంచి సంస్కృతికి దక్కే మేలూ తక్కువది కాదు. 2010లో మొదలైన హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్‌కు టికెట్టు ఉండదు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. 2024 జనవరిలో అది రాయదుర్గంలోని సత్వా నాలెడ్జ్ సిటీకి వచ్చింది. అద్దాల మేడల మధ్య పుస్తకం గురించి మాట్లాడుకున్నారు. ఇలాంటి సభను ఉచితంగా నిలబెట్టేది దాతలు, స్పాన్సర్లే. అది సీఎస్‌ఆర్ అవునా కాదా అన్న పద్దు గొడవ అటుంచితే, తలుపు అందరికీ తెరవడం కూడా ఊరికి చేసే ఉపకారమే.

ఒకే కంపెనీ, రెండు కథలు

సైబరాబాద్‌లో ఈ విషయం మాట్లాడుతూ సత్యం పేరెత్తకుండా వెళ్లలేం. 1987లో బైర్రాజు రామలింగరాజు స్థాపించిన కంపెనీ అది. 2007లో ఫిఫాతో ఒప్పందం చేసుకుంది. 2010, 2014 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లకు ఐటీ సేవలందించే స్పాన్సర్‌గా ఒక భారతీయ కంపెనీ పేరు మైదానం చుట్టూ వెలగబోతోందంటే తెలుగువాళ్లు పొంగిపోయారు. 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌లో ఘనతకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది.

2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. లెక్కల్లో వేల కోట్లు లేనివి ఉన్నట్టు చూపామన్న ఆ ఒప్పుకోలుతో కంపెనీ కుప్పకూలింది. అవార్డు వెనక్కి పోయింది. 2010లో దక్షిణాఫ్రికా మైదానాల్లో కనబడిన పేరు ‘మహీంద్రా సత్యం’. మరో మూడేళ్లకు అదీ టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. స్పాన్సర్‌షిప్ అంటే అంతే. యజమాని మారగానే బోర్డు మీద పేరు మారుతుంది.

రెండో కథ 108 అంబులెన్సుది. 2005 ఆగస్టు 15న రామలింగరాజు కుటుంబం పూనికతో, ప్రభుత్వ భాగస్వామ్యంతో హైదరాబాద్‌లో ఈ సేవను నడిపే సంస్థ ఈఎంఆర్‌ఐ మొదలైంది. అప్పటిదాకా అంబులెన్సు అంటే ఏ ఆసుపత్రికి ఫోన్ చేయాలో తెలియని అయోమయం. మూడంకెల నంబరు, ఒకే కాల్ సెంటర్, బండిలో శిక్షణ పొందిన సిబ్బందితో అది తీరింది. నిర్వహణ ఖర్చులో పెద్ద వాటా ప్రభుత్వానిది. తొలి పెట్టుబడి, సాఫ్ట్‌వేర్, నిర్వహణ పద్ధతి ప్రైవేటువాళ్లవి.

స్థాపకుడు జైలుకు వెళ్లాక 108 ఆగిపోతుందనుకున్నారు. ఆగలేదు. 2009లోనే జీవీకే గ్రూపు బాధ్యత తీసుకుంది. ఆంధ్రప్రదేశ్ దాటి ఎన్నో రాష్ట్రాలకు పాకిన సేవ అది. ప్రమాదం జరిగిన చోట నిలబడి ఫోన్ తిప్పేవాడికి దాని వెనక ఎవరున్నారో తెలియదు, అక్కర్లేదు కూడా. ఒకే చేతి మీదుగా సాగిన రెండు ఖర్చుల్లో ఒకటి పేరుతో పాటే పోయింది, ఒకటి పేరు పోయినా బతికింది. కారణం దాత మంచితనం కాదు. ప్రభుత్వ ఒప్పందం, నిత్య బడ్జెట్, సొంత సిబ్బంది దాన్ని నిలబెట్టాయి. దాత తప్పుకున్నా నడిచేలా ముందే అల్లిన పని అది. మేలుకి ఇంతకంటే గట్టి కొలత దొరకదు.

అయిదెకరాలు, అయిదు కోట్లు

గచ్చిబౌలిలో ఇంకో రుజువు ఉంది. 2002 జాతీయ క్రీడల కోసం ఇక్కడ స్టేడియాలు లేచాయి. మరుసటి ఏడాది ఆఫ్రో-ఏషియన్ క్రీడలూ జరిగాయి. పెద్ద ఈవెంట్లు అయిపోయాక ఖాళీగా పడి ఉండే మైదానాలు ఏ దేశానికైనా తలనొప్పే. ఇక్కడ మాత్రం పక్కనే ఓ బడి లేచింది.

2001 ఆల్ ఇంగ్లాండ్ విజేత పుల్లెల గోపీచంద్‌కు 2003లో రాష్ట్ర ప్రభుత్వం అయిదెకరాలు లీజుకిచ్చింది. కట్టడానికి డబ్బు లేదు. ఆయన ఇల్లు తాకట్టు పెట్టారు. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ అయిదు కోట్ల రూపాయలిచ్చారు. 2008లో అకాడమీ తలుపులు తెరుచుకున్నాయి. నాలుగేళ్లకు లండన్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం, ఎనిమిదేళ్లకు రియోలో పీవీ సింధు రజతం. ఆ అయిదు కోట్లు ఏ సీఎస్‌ఆర్ చట్టమూ లేని రోజుల్లో వచ్చినవి. తర్వాత కోటక్ మహీంద్రా బ్యాంకు సీఎస్‌ఆర్ సొమ్ముతో అకాడమీ ఇంకా విస్తరించింది.

చట్టం గీసిన గీత ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది. ఒలింపిక్ క్రీడల్లో శిక్షణకు ఇచ్చే సొమ్ము ఏడో షెడ్యూలు ప్రకారం సీఎస్‌ఆర్. ఒక్క ఆదివారం పరుగుకు ఇచ్చేది కాదు. రెండూ ఆటలే. ఒకచోట రోజూ తెల్లవారుజామున నాలుగింటికి షటిల్ చప్పుడు వినబడుతుంది, రెండోచోట ఏడాదికోసారి తుపాకీ మోగుతుంది.

రక్తానికి క్యాలెండర్ కావాలి

‘ఒక్కరోజే వేల యూనిట్ల రక్తం సేకరించాం’ అన్న వార్త అప్పుడప్పుడు చూస్తుంటాం. రికార్డు బాగానే ఉంటుంది. కానీ తలసీమియా ఉన్న పసివాడికి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, అదీ జీవితాంతం. సేకరించిన ఎర్రకణాలు ఆరు వారాలకు మించి నిల్వ ఉండవు. ఒకసారి ఇచ్చిన మగవాళ్లు మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగాలి. లెక్క కడితే అర్థమవుతుంది: ఏడాదికో మహా శిబిరం కన్నా వారానికో చిన్న శిబిరం మేలు.

1998 నుంచి ఈ పిల్లల కోసం పనిచేస్తున్న హైదరాబాద్ తలసీమియా, సికిల్ సెల్ సొసైటీకి ఐటీ క్యాంపస్‌ల శిబిరాలు పెద్ద ఆసరా. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే క్యాంపస్‌లు ఖాళీ అయ్యాయి, శిబిరాలు ఆగాయి, రక్తానికి కటకట వచ్చింది. అప్పుడు సైబరాబాద్ పోలీసులు పూనుకుని శిబిరాలు పెట్టించారు. కోలుకున్న కొవిడ్ రోగుల నుంచి ప్లాస్మా దానానికీ వాళ్లే ప్రచారం చేశారు.

ఆ పనిలో పోలీసులకు తోడు నిలిచిన సంస్థ పేరు సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్. ఇక్కడందరూ ఎస్‌సీఎస్‌సీ అంటారు. కంపెనీలు, పోలీసులు కలిసి పెట్టుకున్న సొసైటీ ఇది. మహిళల భద్రతలోనూ దాని చేయి ఉంది. 2013 అక్టోబరులో మాదాపూర్‌లో ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని కారులో ఎత్తుకెళ్లి అత్యాచారం చేసిన ఘటన ఐటీ కారిడార్‌ను వణికించింది. మరుసటి ఏడాది అక్టోబరు 24న మహిళల రక్షణకు పోలీసుల షీ టీమ్స్ వచ్చాయి. ఎస్‌సీఎస్‌సీ కంపెనీల సాయంతో షీ షటిల్ బస్సులు తిప్పింది. ఆడవాళ్లెవరైనా ఎక్కొచ్చు, టికెట్టు లేదు. కంపెనీ ఐడీ కార్డు ఉన్న ఇంజినీరుకీ, అదే క్యాంపస్‌లో ఊడ్చే ఆయమ్మకీ అదే సీటు. బస్సు మీద స్పాన్సర్ పేరుంటే ఉండనీయండి. రోజూ టైముకొచ్చే బస్సుకు ఆ పేరు బరువేమీ కాదు.

రంగు వేసిన గోడ వెనక

హైటెక్ సిటీ చుట్టూ పాత ఊళ్లు ఇంకా ఉన్నాయి. మాదాపూర్, కొండాపూర్, రాయదుర్గం, ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ. మేడలు లేచాయి గానీ ఊరి బడి ఊరి బడిగానే ఉంది. అందులో చదివేది ఈ మేడలు కట్టిన మేస్త్రీల పిల్లలు, కావలి కాసే సెక్యూరిటీ గార్డుల పిల్లలు, ఇళ్లల్లో పనిచేసే అమ్మల పిల్లలు.

1991లో బీవీఆర్ మోహన్‌రెడ్డి స్థాపించిన ఇన్ఫోటెక్, ఇప్పటి సైయెంట్, తన ఆఫీసుల దగ్గరి ప్రభుత్వ బడులను దత్తత తీసుకుని చాన్నాళ్లుగా పనిచేస్తోంది. 2005లో బిట్స్ పిలానీ విద్యార్థులు మొదలుపెట్టిన నిర్మాణ్ లాంటి సంస్థలు ఇప్పుడు హైదరాబాద్ కేంద్రంగా కంపెనీలకూ బడులకూ మధ్య వారధిగా ఉన్నాయి. మాదాపూర్‌లో మైండ్‌స్పేస్ కట్టిన కె.రహేజా సంస్థ దుర్గం చెరువు బాగుకు చేయి కలిపింది. ఇవి ఏళ్ల తరబడి సాగే పనులు.

మరి మిగతావి? ఏ బడి హెడ్‌మాస్టరును అడిగినా ఇంచుమించు ఒకటే కథ. ఓ శనివారం బస్సు వస్తుంది. ఒకే రంగు టీషర్టుల్లో నలభైమంది దిగుతారు. గోడలకు రంగులేస్తారు, పిల్లలకు బ్యాగులిస్తారు, సమోసాలు పంచుతారు, గ్రూప్ ఫొటో దిగుతారు. పిల్లలకు ఆ పూట పండగే. వచ్చినవాళ్ల మనసూ నిజమైనదే. ఆర్నెల్లకు కంప్యూటర్ ల్యాబ్‌కి తాళం పడుతుంది. యూపీఎస్ బ్యాటరీ పోయి ఉంటుంది, పాఠం చెప్పే మనిషి ఉండడు. ప్రారంభోత్సవానికి డబ్బిచ్చేవాళ్లు దొరుకుతారు గానీ కరెంటు బిల్లుకి ఇచ్చేవాళ్లు దొరకరు.

తప్పంతా కంపెనీదే అనలేం. సీఎస్‌ఆర్ నిబంధనల్లో ‘కొనసాగే ప్రాజెక్టు’ అన్నా మొదలైన ఏడాది కాక మూడేళ్లే గడువు. కమిటీలో మనిషి మారితే ప్రాధాన్యం మారుతుంది. మార్చి నెలాఖరులోగా ఖర్చు చూపాలన్న తొందర వేరే. బెంచీ కొంటే బిల్లు వస్తుంది, ఫొటో వస్తుంది. టీచరు జీతానికి బిల్లు వస్తుంది గానీ ఫొటో రాదు.

ఉద్యోగులు అడగాల్సిన ప్రశ్నలు

మీ కంపెనీ తదుపరి కార్యక్రమానికి వాలంటీరుగా పేరిచ్చేముందు ఇవి అడిగి చూడండి.

• ఈ ఖర్చు ఏ పద్దులోది? మార్కెటింగ్ అయితే అలాగే చెప్పుకోవడంలో నామోషీ లేదు.

• ఏడాది తర్వాత ఈ పని ఎవరు చూస్తారు? మనిషి పేరు, నెల ఖర్చు రాసి ఉందా?

• అతిథి ఉపన్యాసానికి మన ఉద్యోగులేనా, పక్క ఊరి డిగ్రీ కాలేజీ పిల్లలకూ కుర్చీలున్నాయా? గేటు దగ్గర వాళ్లను లోపలికి రానిస్తారా?

• బడికి ఏం కావాలో బడినే అడిగామా, మనకు తోచింది మోసుకెళ్తున్నామా?

• వెబ్‌సైట్ ఉన్న కంపెనీ తన సీఎస్‌ఆర్ కమిటీ, విధానం, బోర్డు ఆమోదించిన ప్రాజెక్టులు అందులో పెట్టాలి. మనది పెట్టిందా? కేంద్రం నడిపే నేషనల్ సీఎస్‌ఆర్ పోర్టల్‌లోనూ కంపెనీల ఖర్చు వివరాలు చూడొచ్చు.

ఈ లెక్కలు అడగడం కృతఘ్నత కాదు. ఈ మేడలు లేచింది ఊళ్ల పొలాల్లో, ప్రభుత్వమిచ్చిన రాయితీలతో, అందరి పన్నులతో వేసిన రోడ్ల పక్కన. ఇచ్చిపుచ్చుకునే సంబంధంలో అడగడం ఒక హక్కు. ఇక్కడి ఉదాహరణలు చెప్పేది కూడా కష్టమైన సూత్రమేమీ కాదు. 108కి ప్రభుత్వ ఒప్పందం ఉంది, అకాడమీకి రోజూ ఉదయాన్నే వచ్చే గురువు ఉన్నాడు, షటిల్‌కి టైమ్‌టేబుల్ ఉంది, రక్తానికి క్యాలెండర్ కావాలి. ఈవెంట్‌కు బడ్జెట్ గీసే రోజే, తర్వాతి మూడేళ్ల జీతాలకూ రిపేర్లకూ ఓ గడి గీస్తే చాలు. ముఖ్య అతిథి మైకు ముందుకొచ్చినప్పుడు ఆ గడిలోని అంకెను సభలో చదివి వినిపించమని అడగాలి. చదవగలిగిన కంపెనీ తన పేరును ఎంత పెద్ద అక్షరాలతో రాసుకున్నా ఎవరికీ అభ్యంతరం ఉండదు.